బాట నెఱిగి బండి నడుపుట

మోటారుబండి నడుపుటకు లైసెన్సు కోరువాడు దారిమీద బండి నడిపి చూపుటకు ముందే మఱియొక పరీక్షలో నెగ్గవలసి యున్నది. అది బాట నియమములను గూర్చిన ప్రశ్నల పరీక్ష. అందు నెగ్గినవానికే శిక్షార్థి లైసెన్సు, అనగా జనులు ఎల్లెల్లార్ అని పిలుచుకొను పత్రము, లభించును. ఆ పత్రము ఆఱు నెలలు చెల్లును. అది చేతికి వచ్చి ముప్పది దినములు గడచినగాని బండి నడిపి చూపు పరీక్షకు పోవీలులేదు. ముందు తెలివిడి, పిమ్మట చేతిపని యనుట చట్టము చేసినవారి యుద్దేశము. కాని మన సీమలో ఈ క్రమము తలక్రిందులైనది. కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములలో కుఱ్ఱవాడు మీసము రాకముందే మోటారుసైకిలు నడుపుట నేర్చుచున్నాడు. ఏండ్లు గడచిన పిమ్మట ఎప్పుడో లైసెన్సు మాట తలచుచున్నాడు. అప్పుడును నియమములను చదువక, జవాబుల వరుసను ఎవరియొద్దనో అడిగి తెలిసికొని పరీక్షకు పోవుచున్నాడు. ఈ పరీక్షను కచ్చేరి తంతుగా నెంచు నలవాటును గూర్చి పెద్దలు శాంతముగా ఆలోచింపవలసిన కాలము వచ్చినది.

ఇది స్వల్పవిషయ మని తోచువారు ప్రభుత్వమువారు ప్రకటించిన లెక్కలను ఒక్కసారి చూడవలయును. 2022వ సంవత్సరమున భారతదేశమందు 4,61,312 రోడ్డుప్రమాదములు జరిగెను. వానిలో 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. చనిపోయినవారిలో నూటికి నలువదినలుగురికి పైగా మోటారుసైకిళ్లు, స్కూటర్లు మొదలైన రెండుచక్రముల బండ్లమీద పోవుచున్నవారే. తలకు హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. ఒక యుద్ధములో ఇంతమంది కూలినచో దేశమంతయు విలపించును. ప్రతి గ్రామమునను స్మారకశిల వెలయును. బాటమీద కూలినవారికి మాత్రము విధి యను పేరు పెట్టి ఊరకుండుచున్నాము. ఈ మరణములలో అధికభాగము అతివేగము వలన గలిగినవని ఆ లెక్కలే చెప్పుచున్నవి. వేగమునకు హద్దెక్కడ, ముందు బండిని ఎప్పుడు దాటరాదు, మలుపువద్ద ఏమి చేయవలయును అనునవన్నియు ఆ యెల్లెల్లార్ పరీక్షలోని పాఠములే గదా!

ఆ పరీక్ష దేనిని గూర్చి అడుగునో చాలమందికి తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారువాహన నిబంధనలలో పదునొకండవది దీనిని వివరించుచున్నది. దారి ప్రక్కన నిలిపిన గుర్తులు, దీపముల సంజ్ఞలు, బాట నియమములు మొదటిది. ప్రమాదము జరిగి యెవరికైన గాయమో మరణమో సంభవించినప్పుడు బండి నడుపువాని కర్తవ్యము రెండవది. కావలిలేని రైల్వేగేటును దాటునప్పటి జాగ్రత్తలు మూడవది. బండితోపాటు ఉంచుకొనవలసిన పత్రములు నాల్గవది. చూచుటకు కొద్దియే. కాని ఈ నాలుగింటిని నిజముగా నెఱిగినవాడు దారిమీద పరులకు ఆపద కాడు, తానును ఆపదలో పడుట తగ్గును.

ఈ ప్రశ్నలు పట్టణములవారికే గాని మన పల్లెలకు పనికిరావని కొందఱు తలతురు. అట్టివారికి మూడు ప్రశ్నలు చూపెదము. ఇఱుకైన కొండదారిలో రెండు బండ్లు ఎదురుపడినప్పుడు ఎవరు ఎవరికి దారి యీయవలయును? ఎక్కుచున్న బండికి దిగుచున్న బండి దారి యీయవలయునని నియమము. గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల కనుమలో పోవువారికి దీనికంటె అవసరమైన మాట ఏది? పశువులను తోలుకొని పోవువాడు అవి బెదరునేమో యని చేయి యెత్తినప్పుడు నడుపువాడేమి చేయవలయును? బండిని ఆపవలయును. గొఱ్ఱెల మందలును, బఱ్ఱెలును సాయంకాలము రోడ్డు కడ్డముగా దాటు ఈ సీమలో ఇది నిత్యానుభవము. చిన్నదారి నుండి పెద్దదారిలోనికి వచ్చువాడు ఎవరికొఱకు ఆగవలయును? పెద్దదారిని పోవుచున్న బండ్ల కొఱకు. అనంతపురమునుండి గుంటూరునకు పోవు 544డి జాతీయరహదారి కంభము మీదుగా సాగుచున్నది. పొలముగట్టు బాటనుండి ట్రాక్టరు ఒక్కపెట్టున ఆ రహదారి మీదికి ఎక్కినప్పుడు ఏమగునో చెప్పనక్కఱలేదు.

మన రైతునకు ఇట్టి నియమము క్రొత్తది కాదు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ గట్టిన కంభము చెఱువును వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. దానిక్రింద ఎన్నితరములుగానో ఆయకట్టు సాగుచున్నది. తూము ఎప్పుడు తెఱవవలయును, ఏ కాలువకు ముందు పాఱవలయును, ఏ మడికి ఎప్పుడు వంతు అనునది అక్షరము రానివానికి సైతము తెలియును. తన వంతు కానప్పుడు మడవ తిప్పినవానిని ఊరు క్షమింపదు. బాట నియమమును అట్టి వంతే. ఎవరు ముందు పోవలయును, ఎవరు ఆగవలయును అనుటయే దాని సారము. నీటివంతు తప్పిన పంట ఎండును, తగవు పుట్టును. బాటవంతు తప్పిన మనుష్యుడే పోవును. నీటివద్ద ఇంత నియమము పాటించు రైతు, అదే చేతులతో స్టీరింగు పట్టినప్పుడు వంతు మాట మఱచుట వింతగా నున్నది.

పరీక్షలోని ఒక్క ప్రశ్న యెంత విలువగలదో తెలిసికొనుటకు మాసాయిపేట దుర్ఘటనను జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. 2014 జూలై 24వ తేదీన అప్పటి మెదకు జిల్లాలోని ఆ గ్రామమువద్ద బడిపిల్లల బస్సును కావలిలేని రైల్వేగేటువద్ద రైలు ఢీకొనెను. పదిమందికి మించిన పసివారు అసువులు బాసిరి. మోటారువాహన చట్టములోని 131వ విభాగమేమి చెప్పుచున్నది? అట్టి గేటువద్ద బండిని ఆపవలయును. వెంటనున్నవాడు దిగి పట్టాలవఱకు నడచిపోయి, ఇరుప్రక్కల నుండి రైలు వచ్చుట లేదని చూచి చెప్పిన పిదపనే దాటవలయును. వెంట నెవరును లేనిచో నడుపువాడే దిగి చూడవలయును. ఒక నిమిషము పని. పరీక్షకొఱకు వల్లించి మఱునాడు మఱచు మాటకును, మనస్సున నాటుకొన్న మాటకును ఎంత భేదమో ఇట్టి చోటనే తెలియును.

అయిన ఇచట ప్రభుత్వమువారికి మనవి చేయవలసినదియు నొకటి కలదు. బ్రాడుగేజి మార్గములపై కావలిలేని గేట్లను అన్నిటిని 2019 జనవరి నాటికి తొలగించితిమని రైల్వేవారు ప్రకటించిరి. అది మెచ్చదగిన పని. కాని ప్రశ్నల పట్టిక దారి మార్పునకు తోడుగా మారవలయును. రాత్రివేళ దీపము లేక దారిమీద నిలిపిన లారీ, వెనుక ఎఱ్ఱదీపము లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము, ముగ్గురు నలుగురెక్కిన మోటారుసైకిలు, చేత సెల్లుఫోను పట్టి నడుపుట అనునవి నేటి మన దారులపై యమపాశములు. కనుమదారి గల సీమలో కనుమను గూర్చియు, పల్లెదారులు గల సీమలో ట్రాక్టరును గూర్చియు ప్రశ్నలు హెచ్చుగా నుండుట న్యాయము.

ఇక సిద్ధపడు రీతిని విచారింతము. నేటి పరీక్ష కంప్యూటరుమీద జరుగుచున్నది. ప్రతి ప్రశ్నకు కొన్ని జవాబులు చూపబడును, సరియైనదానిని గుర్తింపవలయును. నూటికి అరువదిపాళ్లు సరియైన చాలును. అనగా ఇరువది ప్రశ్నలలో ఎనిమిదింటికి తప్పు చెప్పినవాడును నెగ్గును. ఆ యెనిమిదింటిలో నడచుచు దారి దాటువారిని గూర్చిన ప్రశ్నయే యున్నచో వాని బండి యెదుట బడినవాని గతి యేమి? ఇంగ్లండులో 1935 జూను 1వ తేదీనుండి క్రొత్తగా బండి నడుపువారికి పరీక్ష తప్పనిసరి యైనది. అంతకుముందు రుసుము చెల్లించినవానికెల్ల లైసెన్సు దొరకెడిది. 1996లో వారు ప్రశ్నల పరీక్షను వేఱుగా నెలకొల్పిరి. నేడు అచట ఏబది ప్రశ్నలకు నలువదిమూడు సరిగా చెప్పవలయును. అంతటితో ముగియదు, దారిపై రాబోవు ఆపదను చలనచిత్రములో చూచి ముందుగా పసికట్టు పరీక్షయు నున్నది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ముప్పది ప్రశ్నలకు ఇరువదియొకటి సరిపడవలయును. అచటికి పోయిన మన తెలుగు యువకులు ఆ రాష్ట్రమువారి చేతిపుస్తకమును మొదటినుండి తుదివఱకు చదివి పరీక్షకు పోవుదురు. అదే యువకుడు ఇచటనున్నప్పుడు పుస్తక మున్నదో లేదో యని సైతము విచారింపడు. మనవారికి బుద్ధి కొఱతయని యనరాదు. పరీక్షను నిజముగా జరుపు చోట చదువుదురు, తంతుగా జరుపు చోట తంతుగానే తీర్తురు.

2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరించి, శిక్షార్థి లైసెన్సును ఆధారు ఋజువుతో ఇంటినుండియే కంప్యూటరుద్వారా పొందుటకు దారి చేసెను. కొన్ని రాష్ట్రములు ఇంటినుండి పరీక్ష వ్రాయు వసతిని గల్పించినవి. కచ్చేరులకు దూరముగా నున్న పల్లెలవారికి ఇది మేలే. కంభమువాడు ఒంగోలునకు పోవలయునన్న నూఱు కిలోమీటర్లకు మించిన దారి. ఒకదినము కూలి, బస్సుచార్జి పోవును. మార్కాపురము పోయి వచ్చుటకును పూటపని పోవును. కాని ఇంట కూర్చుండి వ్రాయు పరీక్షలో ప్రశ్న యొకనికి, జవాబు మఱియొకనిది అగునట్టి ప్రమాదము లేకపోలేదు. కచ్చేరి వాకిట కాచుకొనియుండు దళారి ఇంటి నట్టింటికే వచ్చినట్లగును. వసతి పెరుగవలయును, కాని వసతి పేరిట పరీక్ష హరింపరాదు.

భూస్వాములును, ట్రాక్టరులు గలవారును ఈ విషయము తమకు సంబంధింపదని యుపేక్షింపరాదు. చట్టము వారి మెడమీదనే మొదట కూర్చున్నది. లైసెన్సు లేక బండి నడుపుట తప్పు. లైసెన్సు లేనివానికి బండి యిచ్చుటయు తప్పే. 2019 సవరణ ననుసరించి, ఇచ్చిన యజమానునకు మూడు నెలలవఱకు చెఱయో, 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు తప్పు చేసినచో 199ఏ విభాగము క్రింద సంరక్షకుడో, బండి యజమానుడో అపరాధియగును. మూడేండ్ల వఱకు చెఱయు, 25,000 రూపాయల జరిమానాయు పడును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. పదునాఱేండ్లవానికి అనుమతి యున్నదిగదా యని కొందఱనుచున్నారు. ఆ యనుమతి 50 సీసీకి మించని చిన్న ఇంజను బండికే గాని, నేడు ప్రతియింటను ఉన్న నూఱు సీసీల పైబడిన బండికి కాదు.

జరిమానాకంటె పెద్ద గండము మఱియొకటి కలదు. ప్రమాదములో ఒకడు చనిపోయినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించునుగదా యని యజమానుడు ధైర్యముగా నుండును. 2004లో స్వరణ్‌సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు చెప్పిన తీర్పునకు సారమిది: లైసెన్సు విషయమున యజమానుడే ఉపేక్ష చేసెనని ఋజువైనచో, కంపెనీ బాధితునకు ముందు సొమ్ము చెల్లించి, ఆ సొమ్మును యజమానుని నుండి రాబట్టుకొనవచ్చును. అనగా జీతగాని చేతికి తాళముచెవి యిచ్చునప్పుడు యజమానుడు తన పొలమును సైతము తాకట్టు పెట్టినట్లే. ఎఱువులకు, విత్తనములకు లెక్క చూచుకొను రైతు జీతగాని లైసెన్సును చూడకుండుట ఏమి వివేకము?

ఇదిగాక, 2024 నవంబరులో సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము మఱియొక సంగతిని తేల్చినది. తేలికబండి లైసెన్సు గలవాడు 7,500 కిలోగ్రాములకు మించని రవాణాబండిని గూడ నడుపవచ్చును. కఱవుసీమ యగు మన ప్రాంతమునుండి హైదరాబాదు మొదలగు నగరములకు వలసపోవు యువకులకు ఇది జీవనోపాధి. ఆటోయో, సరకుల బండియో పట్టి కుటుంబమును పోషించుకొనవచ్చును. కాని ఒక్క లైసెన్సుమీద ఇంతటి భారము పడినప్పుడు, ఆ లైసెన్సునకు పునాది యైన మొదటి పరీక్ష గట్టిగా నుండవలయును గదా!

ఇచట చదువురానివారి ప్రశ్న వచ్చుచున్నది. రవాణాబండ్లు నడుపువారికి ఎనిమిదవ తరగతి చదువు ఉండవలయునను నిబంధనను కేంద్రప్రభుత్వము 2019లో తొలగించెను. అదే సంవత్సరమున రాజస్థాను హైకోర్టు, చదువనేరనివారికి లైసెన్సులిచ్చుట బాటసారులకు అపాయకరమని యభిప్రాయపడెను. ఉభయపక్షములందును కొంత న్యాయమున్నది. కాని మేము చదువురానివానిని త్రోసివేయుటకు సమ్మతింపము. దారిగుర్తులు అక్షరములు కావు, బొమ్మలు. ఎఱ్ఱ అంచుగల వలయము నిషేధమును, త్రికోణము హెచ్చరికను, నీలి పలక సమాచారమును దెలుపును. భాషాభేదములు గల దేశములవారందఱును ఒక్కరీతి గ్రహింపవలయునను తలంపుతోనే 1968లో వియన్నాలో దారిగుర్తుల యొడంబడిక చేయబడినది. అక్షరము రానివానికి బొమ్మ నేర్పవచ్చును, మాట వినిపించి ప్రశ్న యడుగవచ్చును, నోటిమాటగా జవాబు పుచ్చుకొనవచ్చును. నేర్పకుండ దొంగదారిని లైసెన్సిచ్చుట యొక ద్రోహము. నేర్పకుండ వెళ్లగొట్టుట రెండవ ద్రోహము. నేర్పి పరీక్షించుటయే ధర్మము.

కావున ప్రభుత్వమువారు ముందుగా చేయవలసిన పనులు కొన్ని కలవు. బాట నియమములను సులభమైన తెలుగులో, బొమ్మలతో, చిన్నపుస్తకముగా అచ్చువేయించి ప్రతి గ్రామసచివాలయమునను, ఉన్నతపాఠశాలయందును ఉంచవలయును. పరీక్షలోని తెలుగు, జనులు మాటాడుకొను తెలుగునకు దగ్గఱగా నుండవలయును. ఆంగ్లవాక్యమును మాటకు మాటగా మార్చిన తెలుగును చూచి, విషయమెఱిగినవాడు సైతము తికమకపడి తప్పు జవాబు గుర్తించుట యున్నది. అట్టి తప్పు పరీక్షది గాని వానిది కాదు. చదువురానివారికి ప్రశ్నను వినిపించు నేర్పాటు ప్రతి కేంద్రమునను నిలుకడగా నుండవలయును. నెలకొకసారి మోటారువాహనముల ఇన్‌స్పెక్టరో, వారి మనిషియో కంభమువంటి మండలకేంద్రమునకు వచ్చి ఒకపూట పాఠము చెప్పుట దుస్సాధ్యము కాదు.

అన్నియు ప్రభుత్వముమీదనే వేయుటయు తగదు. ఊరిపెద్దలు తమ ట్రాక్టరు నడుపువానికి ఒకదినము జీతముతో సెలవిచ్చి పరీక్షకు పంపవలయును. ఉపాధ్యాయులు పదవతరగతి పిల్లలకు దారిగుర్తులను నేర్పవచ్చును. ప్రమాదములో గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని పోలీసులు వేధింపరాదని 2019 సవరణలోని 134ఏ విభాగము రక్షణ కల్పించినది. ఈ సంగతి ఎందఱికో తెలియక, భయముతో తొలగిపోవుచున్నారు. నడుపువాడు గాయపడినవానికి వైద్యసాయము చేయించుటకు బద్ధుడని 134వ విభాగము చెప్పుచున్నది. ఈ రెండు మాటలను ఇంటింట చెప్పుటకు ధనము కావలయునా?

పరప్రభుత్వపు దినములలో చట్టమును భయముతో పాటించితిమి. వీలైనచోట తప్పించుకొనుట తెలివి యనిపించుకొనెను. 1914లోను, 1939లోను మోటారుబండ్ల చట్టములు చేసినవారు పరులు. 1988 నాటి చట్టము మన ప్రతినిధులు చేసినది. మనము చేసికొన్న కట్టుబాటును మనమే తప్పించుకొనుట స్వరాజ్యమునకు వన్నె గాదు. దళారికిచ్చు రూపాయలు పోయిన మఱల సంపాదింపవచ్చును. ఆ రూపాయలతో కొన్న అజ్ఞానము బాటమీద ఎవరి బిడ్డను బలిగొనునో ఎవరు చెప్పగలరు? లైసెన్సు కొఱకు పోవు ప్రతి యువకుడును నాలుగు రాత్రులు దీపముముందు కూర్చుండి ఆ నియమములను చదువుగాక. చదువురానివానికి చదువు వచ్చినవాడు చదివి వినిపించుగాక. కంభము చెఱువుక్రింద నీటివంతును తరతరములుగా కాపాడుకొన్న రైతులు బాటవంతును గూడ కాపాడుకొనగలరని మేము నమ్ముచున్నాము.